కప్పల కచేరీ రీలు

నిడదవోలు టూరింగ్ టాకీసులో ఆపరేటరుగా ఉన్న రోజుల్లో భాస్కరం, జనం సర్దుకుని కూర్చునేదాకా, అసలు సినిమాకు ముందు కప్పల కచేరీ వేసేవాడు. ఏ దేశంలోనో ఎవరో బొమ్మ తర్వాత బొమ్మ చేత్తో గీసిన నలుపు తెలుపు రీలు. కప్ప ఫిడేలు వాయిస్తే తామరాకులు తాళం వేస్తాయి, వాన చినుకు కూడా శ్రుతి తప్పి పడదు. పాట లేకుండా లోకంలో ఏదీ కదలదని నమ్మినవాళ్లు గీశారు కాబోలు. ఇప్పటి బొమ్మలకు వాగుడెక్కువ.

భాస్కరం భార్య కనకవల్లి ఆ ఒక్క రీలు కోసమే వచ్చేది. పడీపడీ నవ్వి, అత్తగారికి వడ్డించాలని సినిమా మొదలవకముందే ఇంటికి వెళ్లేది. టాకీసు ఎత్తేసినప్పుడు భాస్కరం యజమానిని ఆ రీలు డబ్బా అడిగి తెచ్చుకుని, అటక మీద ఆవకాయ జాడీల వెనక భద్రంగా పెట్టాడు.

కొన్నేళ్లకు అటక మీంచి పుల్లటి కంపు మొదలైంది.

"ఏమే, జాడీలో తడిచెయ్యి పెట్టావా?"

"మడి కట్టుకుని కలిపానండీ. నా ఆవకాయ పాడవదు."

"అయితే ఆ వాసన మీ పుట్టింటి నుంచి వస్తోందా?"

జాడీలు పారబోయించాడు. మరుసటేడూ అంతే. వియ్యాలవారి ముందు "మా ఆవిడ చెయ్యి మంచిది కాదండీ" అని నవ్వాడు కూడా. కనకవల్లి ఆ తర్వాత ఆవకాయ పెట్టలేదు. పక్కింట్లో కాయలు కొడుతుంటే తలుపు వేసుకునేది. కంపు పాత జాడీలకు పట్టిందనుకుని అటక వైపు ఎవరూ పోలేదు.

ఈ ఏడాది ఆవిడకు పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. గోడకేసి చూస్తూ పడుకుంటోంది. ఆ కప్పల్ని ఒక్కసారి చూపిస్తే నవ్వుతుందేమోనని భాస్కరం ఆశ. ఫోనులో వెతికించాడు, దొరకలేదు. చివరికి కడియం నుంచి పాత సహోద్యోగి బంగార్రాజు మొక్కల లారీలో ప్రొజెక్టరు వేసుకొచ్చి, డబ్బా దింపి మూత తీశాడు.

"అబ్బా! పోయిందండీ భాస్కరం గారూ. ఫిల్మంతా ముద్దయిపోయింది. పాతబడితే ఇలాగే పులిసిపోద్దండి."

ఆ వాసన భాస్కరానికి తెలుసు. అరుగు మీద కూర్చున్నాడు.

"ఎప్పట్నించి పులుస్తోందంటావు?"

"ఏళ్ల తరబడండి. కంపు మొదలైనప్పుడే తీసి చూసుంటే కొంత మిగిలేదేమో."

భాస్కరం లోపలికి వెళ్లి మంచం పక్కన నిలబడ్డాడు.

"కనకం, నీ ఆవకాయ బాగానే ఉందే. చెడింది నా రీలు."

ఆవిడ మొహం తిప్పలేదు. కంటి కొసన నీరు చెవి వైపు జారింది. విని వచ్చిందో, ఊరికే వచ్చిందో. జబ్బు చేశాక ఆ కన్ను అలా కారుతూనే ఉంటోంది. కండువాతో తుడిచి భాస్కరం మళ్లీ చెప్పాడు, ఈసారి కాస్త గట్టిగా.