పేర్ల దగ్గర కూసిన రేడియో

రేపల్లె నుంచి కార్డు వచ్చింది. మా పాత ఎదురింటి కాంపౌండరు గారు పోయారు. రాసింది ఆయన కూతురు. "నాన్నగారు ఆదివారం తెల్లవారుజామున ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. మీకు తప్పకుండా రాయమని అమ్మ అంది" అని రెండే ముక్కలు. ఆ కార్డు తెనాలిలో నా చేతికందేసరికి సమాధి చెయ్యడం కూడా అయిపోయి ఉంటుంది. ఈ మధ్య కార్డు కనబడితే చాలు, చదవకముందే నీరసం వస్తోంది. ఎవరో ఒకరు పోతూనే ఉన్నారు. నలభై నిండకుండానే ఏడవడానికి కూడా ఓపిక లేకుండా పోయింది. అయినా ఈయన గురించి నాలుగు మాటలు రాయకపోతే నాకు నిద్ర పట్టదు. ఒకప్పుడు ఆ పెద్దమనిషి ముఖం మీద కిటికీ మూసినదాన్ని నేను.

పదేళ్ళ పైమాట. నేను రేపల్లె కాపురానికి వెళ్ళేనాటికి మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒక బండి పట్టేంత సందు. ఆసుపత్రిలో మందులు కలిపి, కట్లు కట్టే ఉద్యోగం ఆయనది. ఎప్పుడూ తెల్ల చొక్కా, చేతుల నిండా టింక్చరు వాసన. ఆయన్ని బాబాయిగారూ అనీ, ఆయన భార్యని పిన్నిగారూ అనీ పిలిచేదాన్ని. వాళ్ళకి ఒక్కతే కూతురు. వేరే మతం కుర్రాణ్ణి పెళ్ళాడి భిలాయి వెళ్ళిపోయింది. ఆ కోపంలో ఈయన చర్చి సంఘం పెద్దల ముందు నోరు జారారు. ఇక దానికి ఉత్తరం ముక్క రాయను, అది రాస్తే విప్పి చూడను అని మాటిచ్చేశారు. మాటంటే మాటే ఆయనకి. వచ్చిన కవర్లు వచ్చినట్టే తిరిగి వెళ్ళాయని వీధిలో అందరికీ తెలుసు.

ఆ ఏడు దసరా వెళ్ళగానే ఆయనకి మద్రాసు నుంచి చెక్కపెట్టె పార్శిలు వచ్చింది. రెండు వాల్వుల షార్ట్‌వేవ్ రేడియో కిట్టు. చిల్లులు పొడిచిన రేకు పీట, గడ్డిలో చుట్టిన గాజు వాల్వులు, రంగు గీతల రెసిస్టెన్సులు, తీగచుట్టలు, చెవులకు తగిలించుకునే హెడ్‌ఫోను, ఒక ఇంగ్లీషు కాయితం. ఆసుపత్రి నుంచి రాగానే అరుగు మీద చాప వేసి అన్నీ పరుచుకునేవారు. కుంపట్లో కాల్చిన కడ్డీతో టంకం పెట్టేవారు. ఇక కాయిలు చుట్టేటప్పుడు చూడాలి! పిన్నిగారు గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చుంటే, దాని మీద సన్నతీగని చుట్టు పక్కన చుట్టు ఆనేలా, విరిగిన చేతికి కట్టు కట్టినట్టు కట్టారు. నేను ఏదైనా పలకరిస్తే చాలు, లెక్క తప్పి మళ్ళీ మొదటి నుంచి చుట్టేవారు. "తొందరపడితే కట్టు జారుద్దమ్మాయ్" అనేవారు. ఆ మాట ఆయన నోట నేను వందసార్లు విని ఉంటాను.

తీరా అన్నీ కలిపి స్విచ్చి వేస్తే వాల్వులు ఎర్రగా వెలిగాయే గాని కిక్కురుమనలేదు. విప్పారు, కలిపారు, మళ్ళీ విప్పారు. పొద్దంతా ఆసుపత్రిలో నిలబడి వచ్చిన మనిషి, కళ్ళు గుంటలు పడి, అలా వంగి కూర్చుని ఉంటే నాకే జాలేసేది.

"ఎందుకండీ ఈ తిప్పలు? ఒకటి కొనుక్కోరాదూ?" అన్నాను.

"కొనేవాణ్ణయితే ఇన్ని తిప్పలెందుకు పడతానమ్మా" అన్నారు నవ్వుతూ.

నెల్లాళ్ళయ్యాక ఒక రోజు సెలవు పెట్టి, దాన్ని తువ్వాల్లో చుట్టుకుని ప్యాసింజరులో తెనాలి తీసుకెళ్ళారు. అక్కడి రేడియో మెకానిక్కు ఒక్క చూపు చూసి, "ఈ కాయిలు కొసలు అటుది ఇటు కలిపారండి" అన్నాడట. మార్చి పెడితే పలికింది. తిరిగొచ్చి ఆ సంగతి ఆయనే వీధంతా చెప్పుకున్నారు. "దెబ్బ కుడికాలికైతే నెల్లాళ్ళ నుంచి ఎడంకాలికి కట్టు కడతన్నా" అని తనని తనే వెక్కిరించుకున్నారు.

ఇక నా సంగతి. మా నాన్న బాపట్ల నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చిచ్చిన రేడియో నాకొకటి ఉండేది. అత్తామామలు, ముగ్గురు మరుదులు. పొద్దున లేచింది మొదలు వంటా, నీళ్ళూ, అంట్లూ. సాయంత్రానికి ఒళ్ళు హూనం. ఆ వేళ సింహళం నుంచి వచ్చే తెలుగు సినిమా పాటల అరగంట ఒక్కటే నాది. ప్రతి పాటకీ ముందు, కోరినవాళ్ళ పేర్లు చదివేవారు. ఫలానా ఊరు నుంచి ఫలానా, ఫలానా అని ఒకటే జాబితా. అది నాకు మహా విసుగు. పేర్లు రాగానే రేడియో తగ్గించి బియ్యం ఏరుకునేదాన్ని, పాట రాగానే పెంచేదాన్ని.

ఎదురింటి రేడియో పలికిన నాటి నుంచి నా రేడియోకి ఈల పట్టుకుంది. సరిగ్గా పేర్ల దగ్గర కుయ్‌మని మొదలై పాట సగం దాకా చెవుల్లో పొడిచేది. మా ఆయన షాపుకి మోసుకెళితే లోపమేమీ లేదన్నారు. ఒక సాయంత్రం ఆ కూత పడలేక సందులోకి వచ్చాను. అరుగు మీద బాబాయిగారు హెడ్‌ఫోను తగిలించుకుని మీట తిప్పుతున్నారు. ఆయన చెయ్యి తిరిగినప్పుడల్లా లోపల నా రేడియో కూస్తోంది. ఇంకేముంది, కొంగు దోపుకుని వెళ్ళాను.

"ఏంటండీ బాబాయిగారూ ఇది? రోజంతా చాకిరీ చేసి ఒక్క పాట విందామంటే అదీ లేకుండా చేస్తారా?"

విషయం అర్థమయ్యేసరికి ఆయన ముఖం వాడిపోయింది. "గొంతు సన్నంగా వస్తందని మీట ఎక్కువ తిప్పుతన్నానమ్మా. మరీ తిప్పితే ఇదే కూత పెడద్దంట. అది నీ రేడియో దాకా వస్తందని తెలీదు. తప్పు నాదే" అన్నారు. మర్నాటి నుంచి ఈల లేదు. ఆ రేడియోని అటకెక్కించేశారు.

ఆ తర్వాత ఇంకో తంటా. నా పాటల వేళకి ఆయన చెంబు పట్టుకుని సందులోకి వచ్చి, మా కిటికీ పక్కనే మొక్కలకి నీళ్ళు పోస్తూ నిలబడేవారు. పాట మొదలవగానే అవతలికి పోయి, పాట అయిపోతుండగా మళ్ళీ వచ్చేవారు. కొత్త కోడలి కిటికీ దగ్గర ఈయనకేం పనని మా అత్తగారు సణుగుడు. నాకూ ఒళ్ళు మండింది. ఒక రోజు ఆయన చూస్తుండగానే తలుపులు లాగి గడియ పెట్టాను.

మర్నాడు మధ్యాహ్నం పిన్నిగారు వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆ పేర్లు చదివేటప్పుడన్నా కిటికీ తీసి ఉంచు తల్లీ. మా సుగుణ భిలాయి నుంచి పాటలు కోరతా కార్డులు రాస్తందంట. ఆసుపత్రిలో ఎవరో విని చెప్పారు. ఉత్తరం విప్పనని మాటిచ్చారు గాని పేరు విననని అనలేదుగా. దానికోసమే అన్నాళ్ళు కూర్చుని ఆ రేడియో కట్టుకున్నారు. ఇప్పటికి ఒక్కసారే వినపడింది. పేరు వచ్చిందంటే పిల్ల బాగున్నట్టేగా."

సిగ్గుతో చచ్చిపోయాను. నేను రోజూ నొక్కేసింది ఆ పేర్లనే. అందులో ఆ పిల్ల పేరు ఎన్నిసార్లు పోయిందో!

ఆ సాయంత్రం రేడియోని కిటికీలో సందు వైపు తిప్పి పెట్టాను. "మీ రేడియో దింపుకోండి బాబాయిగారూ. నా పాటలు పోతే పోయాయి" అన్నాను.

"వద్దమ్మా, వీధిలో అందరికీ అవస్థ. నీదాని గొంతు బాగుంది. పేర్ల దగ్గర మాత్రం తగ్గించమాక."

అప్పటి నుంచి పేర్లకి పెంచేదాన్ని, పాటకి తగ్గించేదాన్ని. ఆయన గోడకి ఆనుకుని కళ్ళు మూసుకునేవారు. కొన్ని రోజులు నిలబడే కునికేవారు పాపం. ఒకసారి నేను "అదిగో, సుగుణ అన్నారు" అని అరిస్తే తల అడ్డంగా ఊపారు. "కాదమ్మా. అలిసినప్పుడు లేనివి కూడా వినపడతాయి" అన్నారు. జాబితా అయిపోతే, "రేపు చూద్దాంలే" అని వెళ్ళిపోయేవారు. చలికాలం పోయింది, ఎండలు పోయాయి. ఆ రేపు రాలేదు. నేనైతే ఎప్పుడో విసుగెత్తి మానేసేదాన్ని.

తొలకరి పడ్డాక ఒక సాయంత్రం రేడియో అంది: "భిలాయి నుంచి సుగుణ, వెంకటేశ్వర్లు, బేబీ కరుణ."

బాబాయిగారు గోడ మీద నుంచి నిటారుగా లేచారు. "మూడో పేరు విన్నావా అమ్మాయ్?"

"విన్నానండి. కరుణ."

చెంబు అక్కడే పడేసి ఇంట్లోకి పరిగెత్తారు. "కరుణా! కరుణా!" అని ఒకటే కేక. పెళ్ళాన్ని పేరు పెట్టి పిలిచిన మగవాణ్ణి ఆ వీధి ఎరగదు. పిన్నిగారి పేరు కరుణ అని నాకే ఆ క్షణం దాకా తెలియదు. ఆవిడ తడిచేతులతో గుమ్మంలోకి వచ్చారు.

"ఏంటండీ, పేరెట్టి పిలుస్తన్నారు? మతి పోయిందా?"

"నిన్ను కాదే. భిలాయిలో ఉన్న పిల్లని. నీ పేరే పెట్టింది మన సుగుణ."

ఆవిడ ద్వారబంధం పట్టుకుని అలాగే ఉండిపోయారు. ఆయన మాత్రం ఆగలేదు. సంఘం పెద్దలు వింటే విననీ అన్నట్టు, వీధి చివరిదాకా వినపడేలా మళ్ళీ పిలిచారు.