నూకమ్మ ఇళ్లు

ఏళ్ల తరబడి మోస్తున్నాను దీన్ని. ఇనుపరాయి తట్టలు మోసిన నెత్తి నాది, బరువంటే ఏమిటో తెలియనిదాన్ని కాను. ఇది మాత్రం దించుకునే చోటు దొరకలేదు. మా ఆయనకి చెప్పలేదు. పిల్లలకి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియక్కర్లేదు. అందుకే మీకు చెబుతున్నాను.

మా పేటలో ఎవరికి కష్టమొచ్చినా నన్నే చూపిస్తారు. పని పోయిన ఏడు ఈవిడ ఎలా నిలబడిందో చూడండి, సిగ్గు విడిచి కొత్త పని నేర్చుకుంది అంటారు. నేను తల వంచుకుంటాను. అణకువ అనుకుంటారు. అణకువా, నా మొహమా!

ఆ ఏడు కష్టమైనదే, అందులో అబద్ధం లేదు. నేనూ మా ఆయనా విశాఖపట్నం పోర్టులో, ఓడలకెక్కే ఇనుపరాయిని తట్టలతో మోసేవాళ్లం. బయటి హార్బరు కట్టాక బెల్టులు వచ్చాయి. రాయి దానంతటదే ఓడలోకి నడిచిపోవడం మొదలెట్టింది. ఒక పొద్దున్న మేస్త్రీ ఇక రావద్దన్నాడు. మా ఆయన పెందుర్తి అవతల మా ఊరికి కూలికి పోయాడు. పని ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని నేను గంజి కాస్తూ కూర్చున్నాను.

అప్పుడు చెయ్యి పట్టుకుని లేపింది నూకమ్మ. యారాడ మనిషి. కొండ దిగి, పడవలో రేవు దాటి, చేపల గంపతో ఊళ్లోకి వచ్చేది. పోర్టు గేటు దగ్గర నేను ఆమె దగ్గరే చిన్న చేపలు కొనేదాన్ని. నాకంటే పెద్దది, అప్పా అని పిలిచేదాన్ని.

"ఏటే పిల్లా, అలా కూకుంటే కడుపు నిండుతాదేటి? రాయి మోసిన నెత్తే కదా, సేపలు మొయ్యనేదా?" అంది.

మాది వ్యవసాయం చేసుకునే ఇల్లు. చేపల గంప ఎత్తానని తెలిస్తే మావాళ్లు గడప తొక్కనివ్వరు. అయినా ఎత్తాను. మొప్ప ఎత్తి తాజాదో కాదో చూడటం, పొలుసు తీయడం, ముల్లు తెగకుండా కోయడం అన్నీ నేర్పింది. కేక వెయ్యడం ఒక్కటే రాలేదు. సిగ్గుతో కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేదాన్ని. "మీ ఆయన్ని తిట్టినట్టు అరువే!" అని వెనకనుంచి నవ్వేది నూకమ్మ. ఆ నవ్వుకి నాకూ నవ్వొచ్చి, నవ్వుతో పాటు కేకా వచ్చింది.

చేపలమ్మే ఆడవాళ్లకి వాడుక ఇళ్లుంటాయి. ఒకామె ఇళ్లకి ఇంకొకామె వెళ్లదు. పురుడొచ్చినా మైలొచ్చినా నమ్మకమైన మనిషికి ఇళ్లు అప్పజెప్పి, మళ్లీ తిరగగలిగాక తీసుకుంటారు. నూకమ్మవి మంచి ఇళ్లు, ఆఫీసర్ల క్వార్టర్లు. రోజూ కొంటారు. నాకు మిగిలినవి గంటసేపు బేరమాడి గంప మూయించే సందులు.

ఆ వానాకాలం నూకమ్మ భర్త వేటకెళ్లిన తెప్ప కెరటానికి తిరగబడింది. మనిషి శవమై ఒడ్డుకి చేరాడు. మైల తీరినా కొన్నాళ్లు గంప ఎత్తకూడదన్నారు వాళ్ల పెద్దలు. నన్ను పిలిపించింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. "నా ఇళ్లు సూసుకోయే, నాను లేసొచ్చేదాకా" అంది. అంతే. ఒట్టు కూడా వేయించుకోలేదు.

ఆ ఇళ్లకి వెళ్లిన దగ్గర్నుంచి మా పొయ్యి రెండు పూటలా వెలిగింది. చిన్నదాని బుగ్గలు తేరుకున్నాయి. నాకు భయం పట్టుకుంది. నూకమ్మ వచ్చేస్తే? మళ్లీ ఆ సందులేనా, మళ్లీ గంజేనా?

ఒక ఉదయం ఒక అమ్మగారు చేపని తిరగేసి చూస్తూ, "నూకమ్మ ఎప్పుడొస్తుంది? దాని చేతి కోతే వేరు" అన్నారు. వచ్చే నెల వస్తుందని చెబితే సరిపోయేది.

"దానికి దగ్గు అట్టుకుందమ్మగారూ. రగతం పడతన్నాది" అన్నాను.

ఆవిడ చెయ్యి నోటి మీదకి పోయింది. "అయ్యో, క్షయా!" అన్నారు. నేను కాదనలేదు.

ముందే అనుకున్నానా? లేదు, నోరు జారిందని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. కానీ దగ్గూ రక్తమూ కలిపి అంత కుదురుగా అల్లిన అబద్ధం అప్పటికప్పుడు నాలుక మీదకి వస్తుందా? పిల్లల పక్కన పడుకుని, నూకమ్మ ఇక లేవకుండా ఉంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో నాకు తెలియదా? ఒక్క ఇంట్లోనే అన్నాను. సాయంత్రానికి వరసంతా పాకింది. ఇలాంటి మాట మనిషి మొహం మీద ఎవరూ అనరు. అదీ నాకు తెలుసు.

నూకమ్మ మళ్లీ గంపెత్తిన రోజు నేనూ పక్కన నడిచాను. ఇళ్లు తిరిగి అప్పజెప్పేటప్పుడు అలా నడవడం మా ఆనవాయితీ. మొదటి ఇంట్లో తలుపు సగం తెరిచి, వద్దులే అన్నారు. రెండో ఇంట్లో, నూకమ్మ గొంతు విని పరుగెత్తుకొచ్చిన పాపని వాళ్లమ్మ రెక్క పట్టుకుని లోపలికి లాగేసింది. ఆ వరస చివరిదాకా అంతే. నూకమ్మ రోడ్డు పక్కన గంప దించి కూలబడింది.

"ఓలమ్మ, నాకిప్పుడు తెలిసిందే పిల్లా. బొట్టు నేని మొకం కదా. పొద్దున్నే ఎవులు సూత్తారు?"

ఆ క్షణంలో చెప్పి ఉండాల్సింది. కాళ్ల మీద పడి ఉండాల్సింది.

"లోకం అలాగే ఉన్నాదప్పా" అన్నాను.

"పోనీలేయే. ఇళ్లు నీకాడే ఉన్నాయి, పరాయిదానికి పోనేదు. అదే సాలు" అని గంపెత్తుకుంది. మొదటి అబద్ధం ఆకలి ఆడించిందని ఎవరైనా సర్దిచెప్పగలరేమో. ఈ రెండోదానికి ఏ ఆకలీ అడ్డం రాదు.

తర్వాత ఆమె తగరపువలస సంతలో ఎండుచేపలు అమ్మిందని విన్నాను. నాకా ఇళ్లు ఎంతకాలం పనికొచ్చాయి? స్టీలు ప్లాంటు పనులు మొదలయ్యాక మా ఆయనకి అక్కడ పని దొరికింది. నేను గంప దించేశాను. అప్పటికి ఆ ఇళ్లలో నూకమ్మంటే క్షయ మనిషే, పిలిచి తిరిగి ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు.

నేనింకా గంప మోస్తున్న రోజుల్లో రేవు దారిలో ఒక్కోసారి ఎదురుపడేది. నన్ను చూడగానే రోడ్డు దిగి, గోడ వైపు తిరిగి నిలబడిపోయేది. మొదట్లో కోపమేమో, తెలిసిపోయిందేమో అనుకున్నాను. కాదు. పొద్దున్నే తన మొహం చూస్తే నా బోణీ చెడుతుందని అలా తిరిగేది. నేను దాటి వెళ్లేదాకా అలాగే నిలబడేది. నేను దాటి వెళ్లేదాన్ని.

మొన్న వేసవిలో నూకమ్మ పోయింది. తన మొహం చెడ్డదని నమ్ముతూనే పోయింది. కాదని చెప్పగలిగిన మనిషిని ఈ భూమ్మీద నేనొక్కదాన్నే, చెప్పలేదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరిచ్చేదీ కాదు. కానీ మొదటిసారి ఇదంతా ఒకచోట పెట్టాను, ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది. నూకమ్మ మొహంలో ఏ దోషమూ లేదు. ఆ తలుపులు మూయించింది నేను.