అంబాసిడర్‌లో ఆరని దీపం

సూర్యుడి రథానికి ఒకటే చక్రమట. తోలేవాడికి తొడలే లేవట. అయినా రోజూ వేళకు బయలుదేరుతుంది. చామరాజపేట దొడ్డప్పగారి అంబాసిడర్‌కు నాలుగు చక్రాలూ, తోలడానికి నిక్షేపంలాంటి మనిషీ ఉండి కూడా, ఆదివారం పొద్దున తాళంచెవి తిప్పితే 'టక్' అని ఊరుకుంటుంది. పురాణాలు రాసినవాళ్లు బ్యాటరీల గొడవ లేని కాలంలో పుట్టిన అదృష్టవంతులు.

దొడ్డప్ప అంటే కన్నడంలో పెదనాన్న. వీధి మొత్తానికి ఆయన దొడ్డప్పే. అసలు పేరు బహుశా ఇంటిపన్ను కట్టించుకునేవాళ్లకే తెలుసు. తాతలు హిందూపురం వైపు నుంచి చీరల మూటతో వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఈయన చిక్కపేటలో పట్టుచీరల కొట్లో జీవితమంతా బట్టలు నిమిరి, ఆ అలవాటు మానుకోలేక ఇప్పుడు తలుపునూ, పుచ్చకాయనూ, కొత్తగా కలిసినవాడి చొక్కానూ నిమురుతుంటాడు. నా చొక్కా నిమిరి, "పాలిస్టర్ కలిపిండారప్పా, మోసపోతివి" అన్నాకే మా స్నేహం మొదలైంది.

కారు వారానికొకసారి, ఆదివారం, లాల్‌బాగ్ దాకా వెళ్లి వచ్చేది. దసరా తరువాత అదీ పోయింది. వారమంతా ఊరికే నిలబడినా ఆదివారానికి బ్యాటరీ నీరసించిపోయేది. కొత్త బ్యాటరీ వేస్తే అదీ అంతే. కచ్ ఎడారిలో నేనెక్కిన ఒక లారీకి ఇదే జబ్బు ఉండేది. డ్రైవరు ఎప్పుడూ ఏటవాలు చూసి ఆపేవాడు, పొద్దున్నే దొర్లించడానికి. చామరాజపేటలో ఏటవాలు లేదు. ఉన్నా అక్కడ ఎవరో ఒకరు స్కూటరు పెట్టి ఉంటారు.

చివరికి ఆయన భార్య సరోజమ్మ విసిగిపోయింది. "వచ్చే ఆదివారం తనంతట తాను లేస్తే సరి. లేదంటే ఆ హూడి పిల్లోడికి ఇచ్చేయండి. అడుగుతానే ఉండాడు." దొడ్డప్ప రోషానికి పోయి మాట ఇచ్చేశాడు. ఆ పూట నుంచి ఆయనకు అన్నం సయించలేదు.

ఆదివారం వచ్చింది. కారు అడుగుతున్న లలిత్ కూడా హూడి నుంచి వచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మర్యాదస్థుడు. "అంకుల్, నో ప్రెషర్. నా పెళ్లి ఎంట్రీకి ఈ కారు సూపర్‌గా ఉంటుంది. తర్వాత ఇంజిన్ తీసేసి ఎలక్ట్రిక్‌గా కన్వర్ట్ చేయిస్తా."

ఇంజిన్ తీసేస్తాడన్న మాట విని దొడ్డప్ప ముఖం పాలిపోయింది. తాళంచెవి తిప్పాడు. టక్.

"నా బ్యాటరీ ఎవరు తాగుతాండారో తెలుసుకోకుండా బండి ఇచ్చేది లేదు. స్టాన్లీని పిలవండప్పా!"

వీధి చివర ఆటో ఎలక్ట్రీషియన్ స్టాన్లీ వచ్చి, బ్యాటరీ తీగ ఒకటి విప్పి, మధ్యలో చిన్న బల్బు తగిలించాడు. బండిలో అన్నీ ఆపి ఉన్నా ఏదో కరెంటు లాగుతుంటే ఆ బల్బు వెలుగుతుంది. అది మసకగా వెలిగింది. ఫ్యూజులన్నీ పీకేశాడు. అయినా వెలుగుతూనే ఉంది.

"అంటే ఫ్యూజులు దాటుకొని, నేరుగా బ్యాటరీకే ఏదో నోరు పెట్టుండాది" అన్నాడు దొడ్డప్ప.

"ముసలి బండి దొడ్డప్పా. దానికీ ఆయాసముంటాది."

"బ్యాటరీ కొత్తది కదరా!"

స్టాన్లీ కుడివైపంతా వెతికాడు. డిక్కీలో దూరాడు. ఎడమవైపు మాత్రం కన్నెత్తి చూడలేదు. వసారాలో అనపకాయలు ఒలుస్తున్న సరోజమ్మ అతన్నే చూస్తోంది.

దొడ్డప్ప ఎడమ సీట్లోకి జరిగి, వీడ్కోలు చెబుతున్నట్టు డాష్‌బోర్డును నిమరసాగాడు. అక్కడున్న చిన్న అర మూత మీద చేయి ఆగింది.

"ఇది వెచ్చగా ఉండాది."

"ఎండకేమో, అంకుల్."

"బండి నీడలో ఉండాది కదప్పా! తక్కిన రేకంతా చల్లగుండాది. స్టాన్లీ, దీని బీగం పగలగొట్టు." ఆ అర తాళంచెవి పోయి ఏళ్లయిందని ఆయన నమ్మకం.

స్టాన్లీ వసారా వైపు చూశాడు. సరోజమ్మ నడుముకు దోపుకున్న తాళాల గుత్తితో లేచి వచ్చింది. "పగలగొట్టేదేమీ వద్దు" అంటూ తానే తెరిచింది.

లోపల ఆంజనేయుడి పటం. దాని ముందు ఎర్రబల్బు, చక్కగా వెలుగుతూ.

"ఆయుధపూజనాడు మీరేమంటిరి? పాత కారు కంపెనీ ఇచ్చినట్లే ఉండాల, డాష్‌బోర్డు మీద దేవుడిని తీసెయ్ అంటిరి. దేవుడు లేని బండిలో మిమ్మల్నెట్ల పంపేది? లోపల పెట్టిస్తి."

"బల్బు ఆర్పుకోవచ్చు కదే!"

"దేవుడి ముందర దీపం ఆర్పుతారా? నేరుగా బ్యాటరీకే కలపమంటి."

"నువ్వు కలిపితివా స్టాన్లీ? నోరు మూసుకొని డిక్కీలో దూరితివా?"

"అమ్మ నాచేత ఏసుప్రభువు మీద ఒట్టు వేయించింది దొడ్డప్పా."

దొడ్డప్ప నవ్వలేదు. భార్యనే చూస్తూ, "అయితే తప్పు బండిది కాదు" అన్నాడు, తీర్పు అడుగుతున్నట్టు.

సరోజమ్మ కాసేపు ఆంజనేయుడిని చూసింది. "కాదు" అంది. "దేవుడున్న బండిని ఇంకొకరికి ఇచ్చేదీ లేదు."

"అంటే డీల్ క్యాన్సిలా ఆంటీ?"

"క్యాన్సిలేనప్పా. కాఫీ తాగి ఒక చెయ్యి వెయ్యి, తొయ్యాల."

కొనడానికి వచ్చినవాడే వెనుక నుంచి తోస్తే అంబాసిడర్ దగ్గి, తుమ్మి, లేచింది.

దీపం ఆర్పడానికి ఆమె ఇప్పటికీ ఒప్పుకోలేదు. అది ఆరకూడదంటే బ్యాటరీ నిండాలి, బ్యాటరీ నిండాలంటే బండి తిరగాలి. కనుక రోజూ పొద్దున్నే దంపతులిద్దరూ పూలకని గాంధీబజారుకు కారులో వెళుతున్నారు. ఆ దూరం చాలదని స్టాన్లీ అన్నాడట. అందుకని లాల్‌బాగ్ చుట్టి వస్తున్నారు. లలిత్ పెళ్లికి కూడా కారు పంపుతామన్నారు, ఒక్క షరతు మీద: ముందు ఎడమ సీట్లో చెప్పులతో కూర్చోకూడదు, ఎదురుగా దేవుడున్నాడు.

ఆ షరతు నాకూ ఉంది. నేనెక్కినప్పుడల్లా చెప్పులు చేత్తో పట్టుకునే కూర్చుంటాను.