ఎడమకాలి గడి

దుర్గిలో లక్ష్మీనరసాచారి కొలత తప్పాడని ఎవరైనా అంటే, అన్నవాడి మొహం చూసి నవ్వుతారు. అరవై ఆరేళ్ళ మనిషి, అందులో యాభై ఏళ్ళు రాతితోనే కాపురం. విగ్రహానికి ఆయన ముఖం ఒక్కటే కొలుస్తాడు. తక్కినదంతా ఆ ముఖంలోంచే లెక్కకు వస్తుంది. ముఖానికి రెండింతలు తొడ, తొడ ఎంతో పిక్క అంత, కుడి ఎంతో ఎడమ అంత. తండ్రి నేర్పిన లెక్క అది. అలాంటి మనిషికి ఒక కుర్చీ వచ్చి మూడు చెరువుల నీళ్ళు తాగించింది.

కుర్చీ మనవరాలు నాగవల్లిది. తొమ్మిదేళ్ళ పిల్ల. పుట్టినప్పుడే మెదడుకు దెబ్బ తగలడంతో కాళ్ళూ చేతులూ బిగుసుకుపోతాయి. మాట వస్తుంది గానీ, ఒక మాటకూ ఇంకో మాటకూ నడుమ మనం వీధి చివరికి వెళ్ళి టీ తాగి రావచ్చు. ఆచారికి అంత ఓపిక ఎక్కడిది? పిల్ల "తా..." అనగానే "నీళ్ళా? ఇదిగో" అని గ్లాసు నోటికి పెట్టేస్తాడు. చాలాసార్లు దానికి కావలసింది నీళ్ళు కాదు. అయినా తాగేస్తుంది. తాతంటే దానికి అంత ప్రేమ.

ఊళ్ళో బడి టీచరమ్మ మంచిది. "పక్కకు ఒరిగిపోకుండా కూర్చోగలిగితే చాలు, నాలుగో తరగతిలో రోజూ కూర్చోబెట్టుకుంటాను" అంది. అంటే కావలసింది ఒక్క కుర్చీ. పట్టీలూ, తలకు ఆసరా, ముందు పుస్తకం పెట్టుకునే పలకా ఉండి, పిల్ల ఒంటి కొలతకు చేసే కుర్చీ. ఇలాంటి కుర్చీలకు మాచర్లలో కొలతలు తీసే రోజున నాగవల్లికి జ్వరం వచ్చింది. గురువారం గురువారం దుర్గికి వచ్చి పిల్లలకు కాళ్ళూ చేతులూ సాగదీయించే షాహిదా ఫోన్‌లో ఫారం పంపింది. ఎట్లా కొలవాలో చెప్పబోయి, నవ్వి, "శిల్పం చెక్కే చేతులు బాబాయ్ మీవి, కొలతలు మీకు నేను చెప్పేదేముంది!" అంది. ఆ మాట ఆచారికి బాగా తలకెక్కింది.

ఆ పూట కూతురు రాజ్యలక్ష్మి మిరపకాయల తొడిమలు తీసే పనికి పోయింది. అల్లుడు దాచేపల్లి సిమెంటు లారీ మీద ఎక్కడో ఉన్నాడు. ఆచారి ఒక్కడే కళ్ళజోడు పెట్టుకుని ఫారం చదివాడు. కుడి తొడ అని ఒక గడి, ఎడమ తొడ అని ఇంకో గడి.

"ఈ ఫారం రాసినోడెవడో తిన్నదరక్క రాసినట్టుండాడే! కుడికో గడి, ఎడమకో గడి ఏందంట?"

చాప మీద పడుకున్న నాగవల్లి తల తిప్పింది. "తా... ఎ..."

"ఆకలా? అమ్మ వస్తది లే" అన్నాడు ఆచారి. టేపు తీసి పిల్ల ముఖం కొలిచాడు. పదహారు సెంటీమీటర్లు. కాళ్ళ జోలికి పోలేదు. లాగితే ఏడుస్తుంది, జ్వరంలో ఉన్న పిల్లను ఏడిపించడం ఎందుకు? తొడ ముప్ఫై రెండు అని రెండు గళ్ళలోనూ రాశాడు, కింద పిక్కల గళ్ళలోనూ అదే వేశాడు. పక్కింటి మెహరున్నీసా చేత ఫొటో తీయించి పంపించేశాడు.

నాలుగు నెలలకు కుర్చీ వచ్చింది. చూడముచ్చటగా ఉంది. పిల్లను కూర్చోబెట్టి పట్టీలు వేశారు. అయిదు నిమిషాలకు నడుము ముందుకు జారింది, వీపు గూనిపడింది, గడ్డం రొమ్ముకు ఆనింది. పాదాలేమో కింది పలకకు అందక గాలిలో వేలాడాయి. లేపి మళ్ళీ కూర్చోబెట్టారు. మళ్ళీ జారింది. పట్టీ బిగిస్తే చంక కింద ఎర్రగా కమిలింది.

ఆచారికి ఏమీ అర్థం కాలేదు. కుర్చీ చేసినవాళ్ళే తప్పు చేసి ఉంటారని టేపు పెట్టి చూశాడు. ఫారంలో రాసిందానికి ఒక్క నూలు వాసి తేడా లేదు. పిల్ల ముఖం మళ్ళీ కొలిచాడు. అదే పదహారు. లెక్క మళ్ళీ వేశాడు. అదే ముప్ఫై రెండు. కుర్చీ సరిగ్గానే ఉంది, లెక్క సరిగ్గానే ఉంది. మరి పిల్ల ఎందుకు జారిపోతోంది? దుప్పటి మడిచి వీపు వెనక పెట్టాడు, తువ్వాలు చుట్టి తొడల కింద పెట్టాడు. ఒకటి కుదిరితే ఇంకొకటి చెడింది. అటు చెక్కుతున్న వినాయకుడి దగ్గరికి పోతే ఉలి ఎక్కడ పెట్టాలో తోచలేదు. నాలుగు రోజులు అన్నం సయించలేదు.

"వెనక్కి పంపిద్దాం నాన్నా" అంది రాజ్యలక్ష్మి.

"పంపితే ఇంకోటి వచ్చేది వచ్చే ఏడేనంట. అందాకా ఇది బడికెట్టా పోద్దే?" అన్నాడు.

గురువారం షాహిదా వచ్చింది. కుర్చీని ఒక చూపు చూసి, పిల్లను చాప మీద పడుకోబెట్టింది. లాగలేదు. మోకాలు మెల్లగా పొట్ట వైపు వంచి, కాసేపు పట్టుకుని, బిగువు సడలాక టేపు ఆచారి చేతికిచ్చింది. "పట్టుకోండి బాబాయ్. మోకాలి వెనక రెండు వేళ్ళ సందు వదిలేసి చదవండి."

కుడి ఇరవై ఏడు. ఎడమ ఇరవై నాలుగున్నర.

"కాలు మళ్ళీ పట్టుకోమ్మా, కొలుస్తా" అన్నాడు ఆచారి.

మళ్ళీ అంతే. మూడోసారీ అంతే. ఆచారి టేపును వెలుతురులో పెట్టి చూశాడు, అంకెలు అరిగిపోయాయేమోనని.

"ఇట్టా ఉండకూడదే!" అన్నాడు.

"ఎడమ తుంటి కొద్దిగా జరిగింది బాబాయ్. అందుకే కాలు కురచ. అందుకే రెండు గళ్ళు. కూర్చునే చెక్క తొడ కంటే పొడుగైతే అంచు మోకాలి వెనక తగిలి పిల్ల ముందుకు జారిపోద్ది" అంది షాహిదా. ఫోన్‌లో ఫారం తీసి చూసి తల పట్టుకుంది. "రెండిట్లోనూ ఒకటే రాసుంటే అప్పుడే అడగాల్సింది. తప్పు నాది కూడా."

రాజ్యలక్ష్మి తండ్రి వంక వింతగా చూసింది. "ఎడమ కాలు ప్యాంటుకు నేనెప్పుడూ ఒక మడత ఎక్కువ కుడతా గదా నాన్నా. నువ్వు కొలిచే రాశావనుకున్నా."

చాప మీది నుంచి నాగవల్లి మాట మొదలుపెట్టింది. ఆచారి చెయ్యి అలవాటుగా గ్లాసు మీదికి పోయి, ఎందుకో ఆగింది.

"నాకు... తెలుసు. ఆ రోజు... చెప్ప...బోయా. నువ్వు... ఆకలా... అన్నావు."

ఆచారికి కళ్ళనీళ్ళు వచ్చేశాయి. తొమ్మిదేళ్ళు ఎత్తుకుని తిప్పిన పిల్ల. ఆ కాళ్ళు ఎంత ఉన్నాయో తనకు తెలియదు. తెలియదన్న సంగతీ తెలియదు.

షాహిదా కుర్చీ చేసినవాళ్ళకు ఫోన్ చేసింది. కూర్చునే చెక్క ముందంచు కోసుకోవచ్చు, కానీ ఒక్కసారే. ఎక్కువ కోస్తే చెక్క పనికిరాదు, కొత్తది వచ్చే ఏడే అన్నారు. రంపం ఆచారి చేతికే ఇచ్చారు. ఇంట్లో ఇంకెవరికి చేతనవుతుంది గనక? నాగవల్లిని తల్లి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

ఎడమ వైపు ఇరవై నాలుగున్నరకు గీసి కోశాడు. చక్కగా వచ్చింది. ఊపిరి పీల్చుకుని కుడి వైపుకు తిరిగాడు. యాభై ఏళ్ళ చెయ్యి అది. ఎడమ అయ్యాక కుడి ఎంతో దానికి ఒకరు చెప్పాలా? ఇరవై నాలుగున్నర దగ్గర గీత పడింది. రంపం గీత మీద ఆనింది. షాహిదా పట్టీలు విప్పుతూ అటు తిరిగి ఉంది, రాజ్యలక్ష్మి పిల్ల నోరు తుడుస్తోంది.

"తా...తా!"

ఆచారి ఉలిక్కిపడి తలెత్తాడు. పిల్ల ఒళ్ళంతా బిగుసుకుపోయింది, మొహం ఎర్రబడింది, చెయ్యి రంపం వైపు కొట్టుకుంటోంది. ఆయన గీతను చూశాడు, రంపాన్ని చూశాడు. రంపం కింద పెట్టి వచ్చి పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఎంతే? నువ్వే చెప్పు."

ఎవరూ అందించలేదు. పిల్ల పెదవులు తిప్పుకుంది, ఒకసారి ఆగింది, మళ్ళీ మొదలుపెట్టింది. ఆచారి కదలకుండా కూర్చున్నాడు.

"ఇర...వై... ఏడు."

పాత గీత చెరిపి, ఇరవై ఏడు దగ్గర గీసి కోశాడు. స్పాంజీ సరిచేసి, తొడుగు బిగించి, కింది పలక బోల్టులు విప్పి పైకి జరిపాడు. చెక్క ఒకవైపు లోపలికి, ఒకవైపు బయటికి, ఆయన కంటికి పరమ అసహ్యంగా ఉంది. ఇలాంటిది తన చేత్తో చేశానని బయట చెప్పుకోలేడు. పిల్లను కూర్చోబెట్టారు. అయిదు నిమిషాలు అయింది, పది అయింది. నడుము జారలేదు. తల నిలబడింది.

"బాగుందా? నొప్పా? దాహమా?" అని నోటిదాకా వచ్చినవన్నీ మింగేసి, ఒక్కటే అడిగాడు ఆచారి.

"ఎట్టా ఉందే?"

అడిగి కాచుకున్నాడు. పొయ్యి మీద పాలు పొంగితే రాజ్యలక్ష్మి పోయి దించి వచ్చింది. ఆయన ఇంకా అట్లాగే చూస్తున్నాడు.

"కాళ్ళు..." అంది నాగవల్లి. ఇంకాసేపటికి మిగతాది చెప్పింది. "ఆనినయ్ తాతా."