క్లీవన్ ప్రూయిట్ దారి చూపిన మధ్యాహ్నం

క్లీవన్ ప్రూయిట్ ముప్ఫై నాలుగేళ్లు టిల్‌మన్ ఫెర్రీలో ఉత్తరాలు పంచాడు. మిసిసిపీలోని ఆ చిన్న ఊళ్లో ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఏ ఇంటి ఇల్లాలు కరుస్తుందో అతనికి కంఠతా వచ్చు. రిటైరయ్యాక చెల్లెలు ఇమోజీన్ నడిపే పెట్రోలు బంకు ముందు బల్ల మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లకు దారి చెప్పడమే పనిగా పెట్టుకున్నాడు. చిక్కల్లా, అతను చెప్పే గుర్తుల్లో సగం ఎప్పుడో మాయమైపోయినవి.

ఒక జూలై మధ్యాహ్నం ఒహాయో నంబరు కారొకటి వచ్చి ఆగింది. వాల్ట్, జానిస్ అనే దంపతులు. సముద్రతీరానికి పోతూ పెద్ద రోడ్డు తప్పారు.

"ఎంతసేపు బాబూ! తిన్నగా పోయి పత్తి మిల్లు దగ్గర ఎడమకి తిరుగు. గాడిదను కట్టేసేచోట కుడికి" అన్నాడు క్లీవన్.

అరగంటకు కారు మళ్లీ అక్కడే తేలింది.

"మిల్లు కనపడలేదండీ" అన్నాడు వాల్ట్.

"కనపడదుగా! డెబ్బై ఎనిమిదిలోనే కాలిపోయింది."

"మరి గాడిద?"

"పాపం, అది అంతకుముందే పోయింది."

ఇమోజీన్ బయటికొచ్చి నడుం మీద చేతులేసుకుంది. "పరాయి ఊరివాళ్లని ఎండలో బొంగరంలా తిప్పుతున్నావు, సిగ్గులేదూ? బండి తీసి ముందు నడువన్నయ్యా!"

క్లీవన్ మనసు చివుక్కుమంది. ఒక్క ఉత్తరం తప్పు గుమ్మంలో వేసి ఎరుగడు తను. అయినా ట్రక్కెక్కి, "లైట్లు వేసుకుని నా వెనకే రా బాబూ, అద్దంలో కనపడతావు" అన్నాడు. తనూ లైట్లు వేసి, ఉత్తరాలు పంచిన నాటి నత్తనడకనే బయల్దేరాడు.

పట్టపగలు లైట్లు వేసుకుని బళ్లు మెల్లగా పోతుంటే ఆ ఊళ్లో దానికొక్కటే అర్థం: శవయాత్ర. ఎదురొచ్చే లారీలు పక్కకు ఆగాయి. మగవాళ్లు టోపీలు తీశారు. ఇన్నాళ్లకు తన కొలువుకు మర్యాద దక్కిందనుకుని క్లీవన్ పొంగిపోయి చెయ్యెత్తి ఊపాడు. వంతెన దగ్గర అద్దంలో చూసుకుంటే వెనక పద్నాలుగు బళ్లు! గబుక్కున చర్చి ముందు ఆపేశాడు.

పొరుగింటి బర్ల్ టోపీ గుండెలకు హత్తుకుని వచ్చాడు. "ఎవరు పోయారయ్యా?"

"ఎవరూ పోలేదు. వీళ్లే పోతున్నారు, సముద్రానికి."

"అయ్యో, చావింటికి పంపాలని మా ఆవిడ అప్పుడే కోడి వేయించేసిందే!"

ఒక్క ఆవిడేమిటి! ఫోన్ల మీద ఫోన్లు వెళ్లి, చర్చి వంటింటికి మూడు గంగాళాల బంగాళాదుంపల కూర వచ్చిపడింది. ముసలి ఒడాలీ అప్పటికే జానిస్‌ను కావలించుకుని ఏడుస్తోంది. సంగతి చెప్పినా ఆపలేదు. "మొదలెట్టాక మధ్యలో మానడం నావల్ల కాదు తల్లీ" అంది.

వండినది పారేస్తే పాపమని అందరూ కూర్చుని తిన్నారు. ఒహాయోవాళ్లు రెండోసారి వడ్డించుకుని, సముద్రం ఎక్కడికీ పోదని, ఆ రాత్రికి బర్ల్ ఇంట్లోనే ఉండిపోయారు.

బంకు మూసి భోజనాలకు వచ్చిన చెల్లెల్ని ఎక్కించుకుని ఇంటికెళుతూ క్లీవన్ గొంతు తగ్గించి అన్నాడు: "పోయిందెవరో తెలియకుండానే పద్నాలుగు బళ్లొచ్చాయే, ఇమోజీన్! రేపు నేను పోతే ఇంకెన్నొస్తాయో!"

"ముందు నడిచేది నువ్వు కాకపోతే దారి తప్పకుండా అన్నీ వస్తాయి" అంది చెల్లెలు.