తల పగిలిన నీటికుక్క

1957లో, వానాకాలం చివర. నేను పాతబస్తీలోని పశువుల దవాఖానలో డాక్టరుగా ఉన్నాను. అప్పటికే ఆ పని నన్ను పిండేసింది. పొద్దున గేటు తీసేసరికి పత్తర్‌గట్టి వైపు నుంచి వచ్చిన టాంగా గుర్రాలు వరుసగా నిలబడి ఉండేవి. అన్నింటికీ ఒకటే బాధ, తోలు పట్టీలు ఒరుసుకుని మెడ మీద పుండు. మందు రాసి, మానేదాకా బండికి కట్టొద్దని చెబితే, ఆ మందు ఆరకముందే కట్టేవారు. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టేది.

అలాంటి ఒక ఉదయం చాంద్రాయణగుట్ట అవతలి చెరువు నుంచి మల్లేశ్, యాదమ్మ అనే ఆలుమగలు వచ్చారు. చెరువులో తుంగ కోసి చాపలు అల్లడం వాళ్ల బతుకుదెరువు. యాదమ్మ చంకలో పాలు తాగే బిడ్డ, కుడిచేతికి నెత్తురు మరకల గుడ్డ. మల్లేశ్ గోనెసంచి నేల మీద పెట్టాడు.

“పిచ్చి జానవర్ సారూ. మా ఆమెను కర్సింది. ఒక్క దెబ్బకు నెత్తి పల్గగొట్టిన” అన్నాడు, శభాష్ అంటానేమోనని చూస్తూ.

నాకు ఒళ్లు మండింది. కరిచిన జంతువుకు రేబిస్, అంటే పిచ్చికుక్క వ్యాధి, ఉందో లేదో తేలేది మెదడులోనే. తలను మంచులో పెట్టి ల్యాబొరేటరీకి పంపితే మైక్రోస్కోపు కింద చూసి చెబుతారు. బతికి ఉంటే కట్టేసి గమనిస్తాం. మనవాళ్లేమో కరిచింది ఏదైనా సరే ముందు తల పగలగొట్టి, తర్వాత మా దగ్గరికి తెస్తారు.

సంచి విప్పితే పిల్లి మీసాలు, వేళ్ల మధ్య బాతుకున్నట్టు పొర. “ఊద్‌బిలావ్ హై, సాబ్” అన్నాడు కాంపౌండర్ ఖాదర్ భాయ్. నీటికుక్క. తల నుజ్జయిపోయింది, పంపడానికి ఏమీ మిగల్లేదు. వెల్లకిలా తిప్పి చూశాను. చన్నులు నిండుగా ఉన్నాయి, నొక్కితే పాలు వచ్చాయి.

“ఎట్లా కరిచిందమ్మా?”

“గట్టు కింద బొర్ర ఉన్నది సారూ. తుంగ కోస్తుంటే అండ్లకెల్లి చిన్న పిల్ల బయటికొచ్చింది. కుక్కపిల్ల అనుకొని ఎత్తుకున్న. గంతే, నీళ్లల్లకెల్లి ఎగిరి చెయ్యి పట్టింది.”

పిల్ల కోసమే కరిచి ఉంటుందని నాకూ అనిపించింది. కానీ అనిపించడం మీద ఒక మనిషి ప్రాణం పెట్టలేం. ఈ జబ్బు ఒకసారి బయటపడితే మందు లేదు. గాయాన్ని సబ్బుతో బాగా కడిగించి, పెద్ద దవాఖానకు పోయి రెండు వారాలు రోజూ బొడ్డు చుట్టూ సూదులు వేయించుకోమన్నాను.

యాదమ్మ బిడ్డను హత్తుకుంది. “గది పిచ్చిది కాదు సారూ. నాకెందుకు సూదులు? రోజూ గంత దూరం నడ్సుకుంట వస్తే చాపలు ఎవరల్లాలె? గీ పిల్లకు పాలెట్ల?”

“అది పిచ్చిదే అయితే నీ పిల్లకు తల్లే ఉండదు” అన్నాను కటువుగా. మెత్తగా చెప్పే ఓపిక లేదు.

మల్లేశ్ సంచి వైపు చూశాడు. “నెత్తి మీద కొట్టకపోతే తెలుస్తుండెనా సారూ?”

తెలిసేదన్నాను. అతను సంచి పక్కనే కూలబడ్డాడు.

యాదమ్మ సూదులన్నీ వేయించుకుంది. ఆఖరి సూది రోజు తిరిగి పోతూ మా దవాఖాన దగ్గర ఆగింది. పొట్టంతా గడ్డలు కట్టి నడుము నిటారుగా నిలవడం లేదు.

“ఇప్పుడన్న చెప్పు సారూ, దానికి పిచ్చి లేకుండె గదా?”

“చెప్పలేనమ్మా.”

“నేను చెప్త. నా పిల్లను ఎవరన్న గట్ల ఎత్తుకుంటే నేను గూడ కరుస్త. దాని పిల్లలు బొర్రల సన్నగ కూతవెట్టుకుంట ఉండె. చేపలు తెచ్చి ఏసిన, ముట్టలే. తర్వాత కూత బందైంది.”

ఆమె బతికింది. సూదుల వల్లనా, అసలు జబ్బే లేకనా, ఇప్పటికీ తెలియదు. నాకు ఆ పిల్లల సంగతి అడగాలనే తోచలేదు, పాలు నా వేళ్లకే తగిలినా. అంతవరకు వచ్చినవాళ్లకల్లా “తల మీద కొట్టకండి” అని చెప్పేవాణ్ణి. ఆ తర్వాత “కొట్టకండి” అని మాత్రమే చెప్పాను. విన్నవాళ్లు తక్కువ. అలసిపోయాను గానీ, రిటైరయ్యేదాకా చెప్పడం మానలేదు.