నీలం చీర మేడమ్

బహ్రెయిన్‌లో, మనామాలోని ఒక కాలేజీకి మేడమ్ పాఠాలు చెబుతుంటే నేను వీడియో తీసేవాణ్ణి. ఏ ముక్క ఎక్కడ అతికించినా, ఎన్నేళ్లు వాడినా తేడా తెలియకూడదని ఆవిడ రోజూ అదే నీలం చీర కట్టుకునేవారు. ‘ఈరోజు’ అనే మాట నోట రానిచ్చేవారు కాదు.

కోర్సు పూర్తయితేనే ఊరెళ్ళడానికి సెలవన్నారు కాలేజీవాళ్ళు. ఒక కోర్సు అవగానే ఇంకో కోర్సు ఇచ్చేవారు.

ఒక్కసారి మాత్రం పాఠం మధ్యలో ఆగి, "ఈరోజు ఊళ్ళో మా పాపని బళ్ళో వేశారు తమ్ముడూ" అన్నారు. కొంగు సర్దుకుని, "అది తీసెయ్" అన్నారు. తీసేశాను.

నేను బహ్రెయిన్ వదిలేనాటికి పాప మూడో తరగతి. చెప్పి వెళ్దామని స్టూడియోకి పోతే, మేడమ్ అదే నీలం చీరలో ఉన్నారు.

"ఎప్పుడు తమ్ముడూ ప్రయాణం?"

"ఈరోజే పోతున్న మేడమ్."

ఆవిడ గభాలున కెమెరా వైపు చూశారు. అది ఆపే ఉంది.